నిలిచిన గ్రంథాలయము, నిలిచిపోయిన బస్సు

*ఒకే బడ్జెటు ఒకే దినమున రెండు ప్రజాసేవలపై వేటు వేసెను. ఒకటి ముప్పదిమూడు దినములలో తేరుకొన్నది. రెండవది మరల కానరాలేదు. కెనడా మైదానములలో జరిగిన ఈ కథ తెలుగువారును తెలిసికొనదగినది.*

2017 ఏప్రిల్ 7, శుక్రవారము. సస్కాచివాన్ మైదానములలో చలి ఇంకను సెలవు పుచ్చుకొనని రోజులవి. ఆనాటి మధ్యాహ్నవేళ రాష్ట్రమున పలు పట్టణములలో, శాసనసభ్యుల కార్యాలయముల ముందరి కాలిబాటలమీదికి జనులు ఒకరొకరుగ వచ్చి చేరసాగిరి. కోటు బొత్తాములు గొంతువరకు పెట్టుకొన్న ముదుసళ్లు, బండిలో పసిబిడ్డను త్రోసికొనివచ్చిన తల్లులు, భోజనవిరామమున పనినుండి బయటపడిన ఉద్యోగులు, అమ్మ చేయి పట్టుకొని నడచివచ్చిన పిల్లలు, అందరి చేతులలోను పుస్తకములే. సంచిలోనుండి పుస్తకము తీసి, గుర్తు పెట్టుకొన్న పుట తెరచి, అది గాలికి తిరిగిపోకుండ బొటనవ్రేలితో అదిమిపట్టుకొని, నిలుచున్న చోటనే వారు చదువ మొదలుపెట్టిరి. "ఉన్న పనులన్నియు విడిచి చదువుడు" అను అర్థము వచ్చు పేరే ఆ నిరసనకు వారు పెట్టుకొనిరి. ఒకరి హక్కును అడ్డగింపక, ఎవరిని దూషింపక, తమకు దక్కకుండ పోనున్న పనిని అందరు చూచుచుండగ చేసి చూపుటయే ఆ దినపు ఉద్యమము.

ఈ కథను ఇప్పుడు ఎత్తుకొనుటకు కారణము కలదు. 2025 సెప్టెంబరు 25న కెనడా ప్రభుత్వము, ఇంటి గడపవరకు ఉత్తరము అందుకొను భాగ్యము ఇంకను మిగిలియున్న సుమారు 40 లక్షల చిరునామాలను క్రమముగ వీధిమొగలోని ఉమ్మడి తపాలా పెట్టెలకు మార్చుటకు తపాలా సంస్థకు దారి తెరచెను. తమ ఊరిలో ఏ ప్రభుత్వసేవ మిగులును, ఏది పోవును, పోవుచున్నదానిని నిలుపుకొను ఉపాయమేమి అను మాట ఆ దేశమున మరల నలుగురి నోట పడినది. ఈ ప్రశ్నకు సస్కాచివాన్ 2017లోనే ఒక వసంతకాలమున రెండు సమాధానములు ఇచ్చియున్నది. వానిలో ఒకటి సంతోషకరము, ఒకటి శోచనీయము.

ఒక బడ్జెటు, రెండు దెబ్బలు

ఆ పుస్తకపఠనమునకు పదునారు దినములు ముందు, మార్చి 22న, బ్రాడ్ వాల్ ప్రభుత్వము వార్షిక బడ్జెటును శాసనసభ ముందుంచెను. చమురు, పొటాష్ మొదలగు ఖనిజముల ధరలు పడిపోవుటచే ఖజానాకు సుమారు 130 కోట్ల డాలర్ల లోటు ఏర్పడియుండెను. అమ్మకపు పన్ను 5 నుండి 6 శాతమునకు పెరిగెను. అంతవరకు మినహాయింపు నొందిన పిల్లల దుస్తులకు, భోజనశాలలలోని భోజనమునకు గూడ ఆ పన్ను సోకెను. ఇంతటి సంఖ్యల నడుమ గ్రంథాలయముల పద్దు కంటికి ఆనునంతటిది గాదు. తగ్గించిన మొత్తము 48 లక్షల డాలర్లు. పదునొకండు లక్షలకు మించిన ఆ రాష్ట్రజనులకు పంచి చూచిన తలకు నాలుగు డాలర్లు.

కాని ఆ నాలుగు డాలర్లు ఎక్కడినుండి తీసిరో చూడవలెను. రెజైనా, సస్కటూన్ నగరముల గ్రంథాలయములకు రాష్ట్రమిచ్చుచుండిన 13 లక్షలు సాంతము రద్దయ్యెను; అయినను నగరములకు సొంత ఆస్తిపన్ను కలదు, ఎట్లో నెట్టుకొనిరాగలవు. పల్లెలకు, చిన్న పట్టణములకు పుస్తకము నందించు ఏడు ప్రాంతీయ వ్యవస్థలకు వచ్చుచుండిన సుమారు 60 లక్షలు 25 లక్షలకు దిగజారెను. వందకు యేబదియెనిమిది వంతులు పోయిన పిమ్మట ఏ సంసారమైనను నిలుచునా? బలముగల చోట దెబ్బ తేలికగను, బలహీనమైన చోట దెబ్బ గట్టిగను పడెను. పొదుపు పేరిట జరుగు కోతలలో తరచు జరుగునది ఇదియే.

ఆ దినముననే, ఆ పత్రములలోనే, మరొక వార్త వెలువడెను. 1946లో టామీ డగ్లస్ ప్రభుత్వము నెలకొల్పిన సస్కాచివాన్ ట్రాన్స్‌పోర్టేషన్ కంపెనీ, అనగా 27 మార్గములలో 253 ఊళ్లను కలుపుచుండిన ప్రభుత్వ బస్సు సంస్థ, ఇక మూతపడునని.

ఒకే కార్డు, మూడువందల తలుపులు

సస్కాచివాన్ గ్రంథాలయముల ఏర్పాటు ముచ్చటైనది. రాష్ట్రమున మూడువందలకు పైగ శాఖలు కలవు. వాని యన్నిటికిని పుస్తకసూచి ఒకటే, సభ్యత్వపు కార్డు ఒకటే. ఊరికి ఉన్నది ఒకే గది కావచ్చును. అది వారమునకు కొన్ని గంటలు మాత్రమే తెరచియుండవచ్చును. అయినను ఆ గదిలోని బల్లముందు నిలుచుండి పేరు వ్రాయించుకొన్న రైతుబిడ్డకు, ఐదువందల కిలోమీటర్ల దూరమున మరియొక పట్టణపు అరలోనున్న పుస్తకము కొలది దినములలో వచ్చి చేరును. చిన్న గది పెద్ద గ్రంథాలయమగుట ఈ ప్రయాణమువలననే. కోత పడగనే మొదట ముప్పు వాటిల్లినది గూడ ఈ ప్రయాణమునకే.

ఇట్టి శాఖలో జరుగునది పుస్తకముల ఇచ్చిపుచ్చుకొనుట మాత్రమే కాదు. ఇంటర్నెట్ సరిగ అందని ఊరిలో ప్రభుత్వ దరఖాస్తు నింపుకొనుటకు అదియే చోటు. పసిపిల్లల కథాసమయము, నిరుద్యోగి బయోడేటా ముద్రణము, వృద్ధుల వార్తాపత్రిక, బయట మైనస్ ముప్పది డిగ్రీల చలి కోయుచుండగ ఏమియు కొననక్కరలేకుండ కూర్చుండదగిన వెచ్చని కుర్చీ, అన్నియు అచ్చటనే.

ఈ కుర్చీ విలువ కెనడాలోని తెలుగు కుటుంబములకు మిక్కిలి బాగుగ తెలియును. కూతురి కాన్పునకో, కొడుకు బిడ్డను చూచుకొనుటకో సూపర్ వీసామీద గుంటూరునుండియో కరీంనగరునుండియో వచ్చిన అమ్మమ్మ తాతయ్యలను తలచుకొనుడు. ఉదయము ఎనిమిదికి పిల్లలు పనులకు పోవుదురు. ఇంట గడియారము చప్పుడు తప్ప వేరు శబ్దము లేదు. కారు నడుపుట రాదు. వీధిలో పలుకరించు మనుష్యుడు కానరాడు. బ్రాంప్టనులోనో మిస్సిసాగాలోనో నడచిపోదగిన దూరమున ఒక గ్రంథాలయశాఖ యున్నచో, మనుమరాలిని బండిలో కూర్చుండబెట్టుకొని ఆ తాతయ్య అచ్చటికి పోవును. మనుమరాలు చాపమీద కూర్చుండి పాట నేర్చుకొనును. తాతయ్య పక్కన పంజాబునుండి వచ్చిన మరియొక తాతయ్య కూర్చుండును. భాష రాకున్నను ఇరువురకు స్నేహము కలియును. ఆ శాఖ గంటలు సగమునకు తగ్గినచో బడ్జెటులో ఆదా కనబడును గాని, ఆ తాతయ్య మరల గడియారపు చప్పుడు వినుచు ఇంట కూర్చుండుట ఏ పద్దులోను కనబడదు.

> కాలువమీద గ్రంథాలయము
>
> గ్రంథాలయమును ప్రజలే నిలుపుకొనవలెనను తలంపు మనకు క్రొత్త కాదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగెను. దానికి నడుము కట్టినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువలో పడవమీద పుస్తకములుంచి ఒడ్డు ఒడ్డునకు పంపిరి. నేడు తెలుగు రాష్ట్రములలో ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సకాలమున చేరుచున్నదా యని అడుగు హక్కు చెల్లించిన ప్రతివారికిని కలదు.

టొరంటోలో ఒక రాత్రి

సస్కాచివాన్ వారికి తోవ చూపిన పూర్వోదాహరణములు లేకపోలేదు. స్వంత రాజధానియైన రెజైనాలోనే, 2003 చివర మూడు శాఖలను, ఒక చిత్రశాలను మూయదలచిన నిర్ణయమును గ్రంథాలయ మిత్రులను పేరిట పౌరులు కూడి వెనుకకు త్రిప్పియుండిరి. కాని కెనడా యంతటను కథగ చెప్పుకొనునది టొరంటోలో 2011 జూలైలో జరిగిన ఘట్టము.

రాబ్ ఫోర్డ్ నగరాధ్యక్షుడుగ నున్న కాలమది. 77 కోట్ల డాలర్లకు పైగ లోటు రానున్నదని చెప్పి, ఏ సేవలను తగ్గింపవచ్చునో పరిశీలింపుమని నగరము కె.పి.ఎం.జి. అను సలహాసంస్థను నియమించెను. ఆ సంస్థ సూచించిన మార్గములలో కొన్ని గ్రంథాలయ శాఖలను మూయుట, పనిగంటలను కుదించుట ఉండెను. గ్రంథాలయ ఉద్యోగుల సంఘము ఒక వినతిపత్రమును ప్రజలముందుంచగా, నవలా రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ దానిపై సంతకము చేయుడని ట్విటరులో ఒక్క వాక్యము వ్రాసెను. వచ్చిపడిన జనులను మోయలేక ఆ వినతిపత్రపు సర్వరు కూలబడెను. అధ్యక్షుని సోదరుడును కౌన్సిలరును ఐన డగ్ ఫోర్డ్, ఆమె ఎదుటినుండి నడచిపోయినను తాను గుర్తింపజాలనని, కావలెనన్న ఎన్నికలలో గెలిచి రావలెనని పలికెను. ఆ మాట అగ్నికి ఆజ్యమయ్యెను.

జూలై 28 ఉదయము కార్యనిర్వాహక సంఘము సమావేశమయ్యెను. మాటలాడుటకు పేరిచ్చిన పౌరులు మూడువందలకు మించిరి. ఒక్కొక్కరికి మూడు నిమిషములు. సాయంత్రమయ్యెను, రాత్రియయ్యెను, సమావేశము ఆగలేదు. వాయిదా వేసినచో జనులు మరల రాజాలరనియో, విసిగి పోవుదురనియో ఎవరు తలచినను, వారు పోలేదు. వంతు వచ్చువరకు నడవలలోను, కుర్చీలలోను కునికిపాట్లు పడుచు కాచుకొనిరి. తెల్లవారుజాము రెండు గంటల ప్రాంతమున స్కార్బరోనుండి వచ్చిన పదునాలుగేండ్ల విద్యార్థిని మైకు ముందు నిలుచుండి, తన చదువునకు తన పేట గ్రంథాలయము ఎట్టి ఆధారమో కన్నీళ్లతో విన్నవించుకొనెను. ఆ బాలికకు ఓటు లేదు, పన్ను రసీదు లేదు. ఆమె చేతనున్నవి మూడు నిమిషములు మాత్రమే. ఇరువదిరెండు గంటలకు పైగ సాగిన ఆ సమావేశము ముగియునప్పటికి మరునాటి సూర్యుడు ఉదయించియుండెను.

ఆనాడు నిర్ణయమేమియు మారలేదు. ఉద్యమకథలు చెప్పువారు ఈ ముక్కను విడిచిపెట్టుదురు గాని, నాకు ముఖ్యముగ తోచునది ఇదియే. ఆ రాత్రి తరువాత ఆరు మాసములు పౌరులు తమ తమ కౌన్సిలర్లకు ఫోను చేయుట, వార్డు సభలకు పోవుట మానలేదు. 2012 జనవరి 17న నగరసభలో జాష్ కోల్ అను కౌన్సిలరు ప్రవేశపెట్టిన సవరణ 23-21 ఓట్లతో నెగ్గి, గ్రంథాలయపు గంటలతోపాటు ఈతకొలనులు, శిశుసంరక్షణ, నిరాశ్రయుల వసతి మొదలగు సేవలపై కోతలు తొలగెను. పేరుగాంచిన రచయిత్రి వాక్యము వేడి పుట్టించినది, నిజమే. కాని ఇరువురు కౌన్సిలర్ల ఆధిక్యము కీర్తివలన వచ్చునది గాదు. తమ వార్డువారు తమ మొగము చూచుచున్నారను ఎరుకవలన వచ్చునది.

ముప్పదిమూడవ దినము

సస్కాచివాన్‌లోను ఇట్లే జరిగెను. శాసనసభలో స్థానములు అప్పుడు 61. గ్రంథాలయశాఖలు మూడువందలకు మించినవి. అనగా సగటున ఒక్కొక్క సభ్యుని నియోజకవర్గమున ఐదేసి శాఖలు. ఏ సభ్యుడును తన కార్యాలయమునకు పోవు దారిలో గ్రంథాలయపు తలుపును తప్పించుకొని పోజాలడు; ఆ తలుపు వెనుకనున్న గ్రంథపాలకురాలు తన బిడ్డకు కథ చదివి వినిపించిన మనిషియే కావచ్చును. ప్రభుత్వపక్షమునకు బలమైన పల్లెసీమలనుండియే ఉత్తరములు, ఫోనులు వచ్చెను. ఏప్రిల్ 24న విద్యాశాఖామంత్రి డాన్ మోర్గాన్, తీసివేసిన 48 లక్షల డాలర్లను మరల ఇచ్చుచున్నట్లు ప్రకటించెను. బడ్జెటు చదివిననాటినుండి అది ముప్పదిమూడవ దినము. జనుల మాట విని ప్రభుత్వము తన నిర్ణయమును దిద్దుకొనుట అవమానము గాదు. అది పాలకుల విధి, ఆ విధిని నిర్వర్తించినందుకు ఆ మంత్రిని అభినందింపవలసినదే.

అంతకు ముందటి సంవత్సరము న్యూఫౌండ్‌లాండ్‌లోను 95 శాఖలలో 54 మూయుదుమని చెప్పిన ప్రభుత్వము, జనుల ఆగ్రహము చూచి రెండు మాసములలో వెనుకకు తగ్గెను. 2019లో ఆంటేరియో ప్రభుత్వము ప్రాంతీయ గ్రంథాలయ సేవాసంస్థల నిధులను సగమునకు కోయగా మాత్రము జయము సగమే దక్కెను: ఊరినుండి ఊరికి పుస్తకము మోయు వ్యానులు పోయినవి, ఎరువు పుస్తకములు కొంతకాలమాగి, తపాలాద్వారా మరల కదలినవి.

బస్సునకు వాకిలి లేదు

ఇక రెండవ సమాధానము. బస్సు సంస్థ మూతపడగూడదని కోరినవారు లేరా? ఉండిరి. సభలు జరిగెను, వినతిపత్రములు సాగెను, ఉద్యోగుల సంఘము మొరపెట్టెను. ప్రభుత్వము తన లెక్కలు చెప్పెను: 1980లో 7,92,000 మంది ఎక్కిన బస్సును 2016లో ఎక్కినవారు 1,82,000 మంది, రానున్న ఐదేండ్లలో పూరింపవలసిన నష్టము 8.5 కోట్ల డాలర్లు. ఈ లెక్కలు అబద్ధములని నేననను. కాని ఆ లక్షా ఎనుబదిరెండు వేలమంది ఎవరో గూడ చెప్పినప్పుడు గదా లెక్క పూర్తియగుట! కారు నడుపలేని ముసలివారు, కారు కొనలేని పేదలు, కంటిచూపు మందగించినవారు, క్యాన్సరు చికిత్సకు సస్కటూనునకో రెజైనాకో పోవలసిన రోగులు, తమ రిజర్వులనుండి పట్టణమునకు వేరు దారిలేని ఆదివాసీ స్త్రీలు. వారితోపాటు ఆ బస్సు అడుగుభాగమున ఊరూరి పార్సెళ్లు గూడ ప్రయాణము చేయుచుండెను.

వీరు గ్రంథాలయ పాఠకులవలె ఒకచోట కూడినవారు కారు. ఒకే బస్సులో నాలుగు గంటలు పక్కపక్కన కూర్చుందురు, దిగి ఎవరి దారిని వారు పోవుదురు. బస్సునకు వాకిలి లేదు, వాకిట నిలుచుండి కూడబలుకుకొనుటకు అరుగు లేదు. ఎక్కనివారికి దాని సంగతి పట్టదు. తానెక్కని బస్సు రాకున్న ఎవనికి తెలియును? ఎక్కువారికి, రాజధానికి పోయి మొరపెట్టుకొనవలెనన్న ఆ బస్సే గతి. అత్యంతావశ్యకముగ వాడుకొనువారే అత్యంతబలహీనులగుట ఇట్టి సేవలకు పెద్ద శాపము. సేవ నిలుచుట, పోవుట దాని యవసరమునుబట్టి జరుగుటలేదు, వాడుకొనువారు కంటికి కనబడుటనుబట్టి జరుగుచున్నదని ఆ వసంతకాలము నిరూపించెను. ఇది అన్యాయము. గ్రంథాలయమునకై నిలిచిన పుస్తకప్రియులు బస్సుకొరకు గూడ అంతటి సంఖ్యలో, అంతటి పట్టుదలతో నిలిచియుండవలసినది.

2017 మే 31న చివరి బస్సు నడచెను. మరుసటి యేడు అక్టోబరు చివర గ్రేహౌండు గూడ పశ్చిమ కెనడానుండి వైదొలగెను. పల్లెలలోను, మారుమూలలలోను నివసించు ఆదివాసీ స్త్రీలకు సురక్షితమైన, అందుబాటు వెలలోనున్న ప్రయాణసౌకర్యము కల్పింపవలెనని 2019లో, హతులైన, అదృశ్యులైన ఆదివాసీ స్త్రీలను గూర్చిన జాతీయ విచారణసంఘము తన నివేదికలో కోరెను. అప్పటికి రెజైనాలోని ఆ బస్సు స్టేషను భవనము పోలీసు శాఖ కొరకు చేతులు మారియుండెను.

> తపాలా పెట్టె: పండ్రెండేండ్ల పేచీ
>
> 2013 డిసెంబరు 11: ఇంటింటి బట్వాడాను ఐదేండ్లలో ఎత్తివేయుదుమని కెనడా పోస్టు ప్రకటన. 2015 ఆగస్టు: ఉమ్మడి పెట్టెకై వేసిన కాంక్రీటు దిమ్మను మాంట్రియల్ నగరాధ్యక్షుడు డెనీ కోడేర్ స్వయముగ జాక్‌హామరుతో పగులగొట్టుట. 2015 అక్టోబరు 26: ఎన్నికల పిమ్మట మార్పిడి నిలుపుదల. 2025 సెప్టెంబరు 25: మార్పిడికి మరల అనుమతి.

మూడు నిమిషములు

ఒకసారి గెలిచిన సేవ ఎల్లకాలము నిలుచునను భ్రమ వలదు. రెజైనాలో 2004లో ముగిసిన పోరు 2017లో వేరు రూపమున వచ్చెను. తపాలా కథ పైపెట్టెలో చూచితిరి. బడ్జెటు ఏటేట వచ్చును, ఏటేట ఎవరో ఒకరు ఏ పద్దును కోయుదమా యని చూచుచుందురు. కెనడాకు క్రొత్తగ వచ్చిన మనవారిలో పెక్కురు ఈ వ్యవహారము మనది గాదని, పౌరసత్వము వచ్చి ఓటు చేతికందినప్పుడు చూచుకొందమని ఊరకుందురు. అంతలో బిడ్డ పెరిగిపోవును, తాతయ్య వీసా తీరిపోవును, శాఖ గంటలు తగ్గిపోవును.

పురపాలక ఎన్నికలలో ఓటునకు పౌరసత్వము కావలెను, మాటలాడుటకు అక్కరలేదు. టొరంటోలో బడ్జెటుపై ప్రజల అభిప్రాయము వినుటకు సాధారణముగ జనవరి నెలలో సభలు జరుగును. పేరు ముందుగ నమోదు చేసికొన్న ఎవరైనను మాటలాడవచ్చును. పాసుపోర్టు ఏ దేశముదని అడుగువారు లేరు. ఆ రాత్రి మైకు ముందు నిలిచిన పదునాలుగేండ్ల బాలికకు లేని అర్హత మీకును అక్కరలేదు.

రానున్న బడ్జెటువేళ మీ నగరసభలో పేరు నమోదు చేసికొనుడు. మీరు వాడు గ్రంథాలయమును గూర్చి మాటలాడుడు. మీరు వాడకున్నను, మీ పొరుగున కారులేని ముసలమ్మ ఎక్కు బస్సును గూర్చి గూడ మాటలాడుడు. అవకాశమున్నచో ఆమెను వెంటబెట్టుకొని పొండు.